నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: మీ ప్రశ్నలు, మా జవాబులు

2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేస్తే మిగిలేది ప్రధాన సంఖ్య అని 2024 అక్టోబరులో తేలింది. అప్పటికి మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అదే అతి పెద్దది. క్లుప్తంగా 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అని రాస్తారు. 2 ఘాతంలోంచి 1 తీస్తే వచ్చే ఇలాంటి ప్రధాన సంఖ్యల్ని 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ పేరుతో మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో లెక్క చేసి చూపించదగ్గవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: ఈ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయంటున్నారు. మొత్తం రాసి లెక్కపెట్టారా? రాయకుండా తెలుసుకునే దారి ఉందా? (పదో తరగతి విద్యార్థి, నంద్యాల)

జవాబు: ఉంది. నువ్వే చేయొచ్చు. 10 ఆధారంగా 2 సంవర్గమానం (లాగరిథం, అంటే 2 రావాలంటే 10ని ఏ ఘాతానికి ఎత్తాలో ఆ సంఖ్య) 0.30102999566398. దీన్ని ఘాతాంకం 13,62,79,841తో గుణిస్తే 4,10,24,319.945 వస్తుంది. పూర్ణాంక భాగానికి 1 కలిపితే అంకెల సంఖ్య 4,10,24,320. చివర్లో 1 తీసేయడం వల్ల అంకె తగ్గదా అన్న అనుమానం అక్కర్లేదు. 2 ఘాతం ఏదీ సున్నాతో ముగియదు కాబట్టి 1 తీసినా పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సిన పని పడదు.

దశాంశ భాగాన్నీ పారేయకు. 10 ఘాతం 0.945 అంటే దాదాపు 8.8. అంటే మన సంఖ్య 8తో, ఆ పక్కన 8తో మొదలవుతుంది. చివరి అంకెలు ఇంకా సులువు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగింటికోసారి తిరిగొస్తాయి. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి చివరి అంకె 2, అందులోంచి 1 పోతే 1. చివరి రెండంకెలు కావాలంటే చక్రం పొడవు 20. ఘాతాంకాన్ని 20తో భాగించినా శేషం 1. 2¹ చక్రంలోకి రాదు కాబట్టి 2²¹ చూడు: 20,97,152. చివర 52, ఒకటి తీస్తే 51. నాలుగు కోట్ల అంకెల సంఖ్య రెండు కొసలూ కాగితం మీదే దొరికాయి.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడే చోటు ఒకటుంది. బళ్లో నేర్పిన 0.30103 వాడితే లబ్ధం 4,10,24,320.536 అవుతుంది. అంకెలు ఒకటి ఎక్కువగా, మొదటి అంకె 3గా తేలుతుంది. రెండూ తప్పే. సంవర్గమానాన్ని అయిదో స్థానానికి సవరించడంలో అదనంగా కలిసిన చిన్న ముక్కను పదమూడు కోట్లతో గుణించేసరికి అది సగానికి మించిపోయింది. ఇంత పెద్ద ఘాతాంకానికి కనీసం పన్నెండు దశాంశ స్థానాలు తీసుకో.

పేజీకి 3,000 అంకెల చొప్పున అచ్చువేస్తే 13,675 పేజీలవుతుంది. బైనరీలో మాత్రం అది వరసగా 13,62,79,841 ఒకట్లు, అంతే. కంప్యూటర్లో దాదాపు 17 మెగాబైట్లలో సరిపోతుంది.

ప్రశ్న: ప్రధానమా కాదా తేల్చాలంటే వర్గమూలం దాకా భాగించి చూడాలని చదువుకున్నాం. ఇంత సంఖ్యను అలా భాగించడం జరిగే పనేనా? (గణిత ఉపాధ్యాయురాలు, సిద్దిపేట)

జవాబు: జరగదు. ఈ సంఖ్య వర్గమూలానికే రెండు కోట్ల అయిదు లక్షల అంకెలుంటాయి. అసలు భాజకాల్ని వెతకకుండానే ప్రధానమని నిరూపించే దారి వేరే ఉంది. 1870లలో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ లూకా మొదలుపెట్టాడు, 1930లో అమెరికాలో డి.హెచ్. లేమర్ దానికి నేటి రూపం ఇచ్చాడు. పిల్లలకు తరగతిలోనే చేసి చూపించేంత చిన్న లెక్క ఇది.

4తో మొదలుపెట్టండి. ప్రతి మెట్టులోనూ చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లు ఎక్కాక శేషం సున్నా అయితే సంఖ్య ప్రధానం, కాకపోతే సంయుక్తం. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు ఇది రెండు వైపులా ఖాయం, ఎక్కడా ఊహ లేదు.

2⁷ − 1 = 127తో చూద్దాం. అయిదు మెట్లు. 4 వర్గంలోంచి 2 తీస్తే 14. 14 నుంచి 194, 127తో భాగిస్తే శేషం 67. 67 నుంచి 4,487, శేషం 42. 42 నుంచి 1,762, శేషం 111. 111 నుంచి 12,319, అది సరిగ్గా 127 × 97. శేషం సున్నా. 127 ప్రధానం.

ఇప్పుడు 2¹¹ − 1 = 2,047. తొమ్మిది మెట్లు. శేషాలు వరసగా 14, 194, 788, 701, 119, 1,877, 240, 282, 1,736. చివరిది సున్నా కాదు, కాబట్టి సంయుక్తం. నిజంగానే 2,047 = 23 × 89. అయితే 23 గానీ 89 గానీ ఆ లెక్కలో ఎక్కడా బయటపడలేదు గమనించండి. ఈ పరీక్ష సంఖ్య సంయుక్తమని చెబుతుంది గానీ దాని కారణాంకాల్ని చూపదు.

పిల్లలు తప్పు చేసేది మెట్ల లెక్కలో. మొదటి 4ను మెట్టుగా లెక్కపెట్టకూడదు. సున్నా వచ్చాక ఇంకో మెట్టు ఎక్కితే −2, అంటే 127 విషయంలో 125 వస్తుంది. ఆ తర్వాత ఎన్ని మెట్లెక్కినా 2 దగ్గరే ఆగిపోతుంది. చివర్లో 2 కనిపిస్తే మెట్లు ఎక్కువయ్యాయేమో చూసుకోమనండి.

ఇంకో సంగతి, ఈ పద్ధతికి ప్రాణం లాంటిది. 127తో భాగించడానికి భాగహారమే అక్కర్లేదు. 4,487ను 128తో విడగొడితే 35 సార్లు పోయి 7 మిగులుతుంది. ఆ 35నీ 7నూ కలిపితే 42, అదే శేషం. 128ని 127తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 128 ఉన్న ప్రతిచోటా 1 పెట్టుకోవచ్చు. బైనరీలో 128తో విడగొట్టడమంటే చివరి ఏడు బిట్లను కోసి పక్కన పెట్టడమే. పెద్ద ప్రధాన సంఖ్యల రికార్డులు ఎప్పుడు చూసినా 2 ఘాతంలోంచి 1 తీసిన సంఖ్యల చేతిలోనే ఎక్కువగా ఉండటానికి ఈ రెండే కారణాలు: లూకా పరీక్ష, భాగహారం లేని శేషం.

ప్రశ్న: అయినా పదమూడు కోట్ల మెట్లు, ప్రతి మెట్టులో నాలుగు కోట్ల అంకెల వర్గం. కంప్యూటర్ ఎలా చేస్తుంది? మధ్యలో ఒక్క అంకె తప్పినా ఎలా తెలుస్తుంది? (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: అంకెకు అంకె వేసి గుణించే బడి పద్ధతిలో ఒక్క వర్గానికే ఒకటి పక్కన పదిహేను సున్నాలను మించిన గుణకారాలు కావాలి. అందుకే వేగవంతమైన ఫూరియే పరివర్తన వాడతారు. మీ సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠంలోని ఎఫ్‌ఎఫ్‌టీ ఇదే. సంఖ్యను 17, 18 బిట్ల ముక్కలుగా కోస్తే 75 నుంచి 80 లక్షల ముక్కలవుతాయి. వాటిని పరివర్తన చేసి, ముక్కకు ముక్క వర్గం చేసి, తిరుగు పరివర్తన చేసి, హెచ్చుల్ని పక్క ముక్కలకు బదిలీ చేస్తారు. ఘాతాంకం ముక్కల సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడదు కాబట్టి కొన్ని ముక్కలు 17 బిట్లు, కొన్ని 18. ఇలా ఎగుడుదిగుడు ముక్కలకు తగిన తూకాలు వేసి, శేషం దానంతటదే వచ్చేలా చేసే పద్ధతిని క్రాండల్, ఫాగిన్ 1994లో ప్రచురించారు.

ప్రమాదం దశాంశాల్లో ఉంది. డబుల్ ప్రెసిషన్ అంకె 53 బిట్ల దాకానే కచ్చితం. 17 బిట్ల ముక్కల లబ్ధం 34 బిట్లు. అలాంటివి 78 లక్షలు కూడితే మరో 23 బిట్లు. మొత్తం 57, అంటే పొంగిపోతుంది. అందుకని ముక్కల్ని 0 నుంచి కాకుండా ధన, రుణ విలువలు రెండూ ఉండేలా సర్దుతారు. అప్పుడు కూడికలో చాలా భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుని 53 బిట్లలోపు ఇముడుతుంది. తిరుగు పరివర్తనలో ప్రతి విలువా పూర్ణాంకానికి దగ్గరగా తేలాలి. 0.4 దాకా దూరం జరిగితే ఎటు సవరించాలో నమ్మకం లేనట్టే. ముక్కల్ని ఇంకా చిన్నవి చేసి మళ్లీ చేయాల్సిందే.

వేడికో, చెడిన మెమరీకో ఒక బిట్ తిరగబడితే లూకా-లేమర్ లెక్క ఆ తప్పును చివరిదాకా మోసుకుపోతుంది, చివర వచ్చే శేషం చూసి పసిగట్టలేం. అందుకే పూర్వం ప్రతి సంఖ్యనూ రెండు వేర్వేరు యంత్రాల మీద పరీక్షించి శేషాలు పోల్చేవారు. ఇప్పుడు మొదట ఫెర్మా పరీక్ష చేస్తారు. 3ను వరసగా వర్గం చేసుకుంటూ పోవడమే, మధ్యలో 2 తీసేయడం ఉండదు. తీసివేత లేకపోవడమే ఇక్కడ పెద్ద లాభం. కొన్నేసి మెట్లకోసారి వచ్చిన విలువలన్నిటి లబ్ధం ఉంచుకున్నాం అనుకోండి. పాత లబ్ధాన్ని అన్నే మెట్లు వర్గం చేసి మొదటి విలువతో గుణిస్తే కొత్త లబ్ధం రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగింది, నమ్మకమైన చివరి చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ నడవాలి. రాబర్ట్ గెర్బిక్జ్ 2017లో చెప్పిన ఉపాయం ఇది. ఖర్చు నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఈ వెతుకులాటలో గత పాతికేళ్లలో వచ్చిన మెరుగుల్లో మా దృష్టిలో దీనిదే అగ్రస్థానం.

ఫెర్మా పరీక్ష తప్పితే సంఖ్య సంయుక్తమన్నది ఖాయం. నెగ్గితే మాత్రం 'బహుశా ప్రధానం' అనే అనాలి. ఈ సంఖ్య విషయంలో అదే జరిగింది. 2024 అక్టోబరు 11న ఐర్లండు డబ్లిన్‌లోని ఒక ఎన్విడియా ఏ100 గ్రాఫిక్స్ ప్రాసెసర్ బహుశా ప్రధానమని చెప్పింది. మర్నాడు అమెరికా సాన్ ఆంటోనియోలోని హెచ్100 లూకా-లేమర్ పరీక్షతో నిరూపించింది. వాటిని నడిపించింది ల్యూక్ డ్యూరాంట్, ఒకప్పటి ఎన్విడియా ఉద్యోగి. 17 దేశాల్లోని క్లౌడ్ కేంద్రాల్లో ప్రాసెసర్లను అద్దెకు తీసుకుని, జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన గింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు కోసం పనిచేయించాడు. అంతకుముందు రికార్డు 2018 డిసెంబరు నాటి 2⁸²⁵⁸⁹⁹³³ − 1. దాని అంకెలు 2,48,62,048.

ప్రశ్న: ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలదా? (బీఎస్సీ విద్యార్థిని, నిజామాబాద్)

జవాబు: తప్పనిసరే గానీ చాలదు. ఘాతాంకం 15 అయితే 2¹⁵ − 1ని 2³ − 1, 2⁵ − 1 రెండూ భాగిస్తాయి. కాబట్టి సంయుక్త ఘాతాంకాలకు ముందే సెలవు. ఘాతాంకం ప్రధానమైనా 11 దగ్గర ఏమైందో పైన చూశారు. 23 దగ్గర 47 × 1,78,481 వస్తుంది.

2⁶⁷ − 1 ప్రధానమని మెర్సెన్ 1644లో తన జాబితాలో రాశాడు. అది సంయుక్తమని 1876లో లూకా తేల్చాడు, కారణాంకాలు మాత్రం ఇవ్వలేకపోయాడు. 1903 అక్టోబరులో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించాడు: 19,37,07,721 ఒకటి, 7,61,83,82,57,287 రెండోది. మెర్సెన్ జాబితాలో 257 కూడా తప్పే. 61, 89, 107 ఉండాల్సింది పోయి లేవు.

ప్రశ్న: కోల్ గుణకారాన్ని ఎక్సెల్‌లో సరిచూద్దామంటే 2⁶⁷ − 1కి చివర సున్నాలు వస్తున్నాయి. 2 ఘాతానికి చివర సున్నా రాకూడదు కదా? (అకౌంటెంట్, తెనాలి)

జవాబు: మీ అనుమానం సరైనదే, తప్పు ఎక్సెల్ గడిది. గడి 15 అంకెల వరకే చూపిస్తుంది, ఆ తర్వాత సున్నాలు నింపుతుంది. అసలు విలువ 147573952589676412927, మీకు కనిపించేది 147573952589676000000. అంకెలు పెంచే ఫార్మాట్ మార్చినా లాభం లేదు, గడి అంతకు మించి చూపించదు.

పైథాన్ వాడండి. అందులో పూర్ణాంకాలకు పొడవు హద్దు లేదు. అయితే రెండు చోట్ల జాగ్రత్త. భాగహారానికి ఒక గీత (/) పెడితే జవాబు దశాంశంగా మారి మళ్లీ కచ్చితత్వం పోతుంది, రెండు గీతలు (//) పెట్టండి. రెండోది, 3.11 నుంచి పైథాన్ 4,300 అంకెలు దాటిన పూర్ణాంకాన్ని అక్షరాలుగా మార్చి చూపించడానికి ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. లెక్కలో తప్పేమీ ఉండదు, ముద్రణకు మాత్రమే ఆ హద్దు. సిస్ మాడ్యూల్‌లో ఆ హద్దును పెంచే ఫంక్షన్ ఉంది. శేషం సున్నానా కాదా అన్నదే చూస్తే చాలనుకుంటే అసలు ముద్రించనే అక్కర్లేదు. ఘాతాంకం కొన్ని వేలు దాకా లూకా-లేమర్ పరీక్షను మామూలు కంప్యూటరే ఇట్టే చేసేస్తుంది.

ప్రశ్న: ప్రోగ్రామింగ్‌లో ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) గరిష్ఠ విలువ 2,14,74,83,647 కూడా ఇలాంటి ప్రధాన సంఖ్యేనట. కంప్యూటర్ లేని కాలంలో ఎలా తేల్చారు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: అది 2³¹ − 1. ఆయిలర్ 1772లో చేతి లెక్కతో తేల్చాడు. వర్గమూలం 46,341 లోపు. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే వేలల్లో ఉంటాయి. కానీ 2³¹ − 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 31తోనూ 2తోనూ భాగిస్తే శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. ఈ షరతులన్నీ కలిపితే మిగిలేవి రెండు వరసలే: 248 గుణిజానికి 1 కలిపినవి, 63 కలిపినవి. 46,341 లోపు 63ను వదిలేస్తే అలాంటివి 372. వాటిలోనూ 249 లాంటివి 3తో పోతాయి. నిజంగా భాగించి చూడాల్సిన మొదటి సంఖ్య 311, అక్కడ శేషం 35. ప్రధానం కానివన్నీ ఏరేస్తే మిగిలేవి 84 భాగహారాలే. ఓపికున్నవారికి రెండు సాయంత్రాల పని.

నాలుగు కోట్ల అంకెల సంఖ్యలకూ మొదటి జల్లెడ ఇదే. భాజకం రెండింతల ఘాతాంకం గుణిజానికి 1 కలిపిన రూపంలో ఉండాలన్న నియమంతో ముందు చిన్న భాజకాలు వెతుకుతారు. దొరికితే లూకా పరీక్ష ఖర్చే ఉండదు.

ప్రశ్న: 2002లో కాన్పూర్ ఐఐటీ వారు కనిపెట్టిన పరీక్ష దీనికెందుకు వాడలేదు? (విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్)

జవాబు: మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన ఏకేఎస్ పరీక్ష ఏ సంఖ్యకైనా పనిచేస్తుంది, యాదృచ్ఛిక ఎంపికల మీద గానీ నిరూపించని ఊహల మీద గానీ ఆధారపడదు, అంకెల సంఖ్యకు బహుపది కాలంలో (అంటే అంకెల సంఖ్య తాలూకు ఏదో ఒక స్థిర ఘాతాన్ని మించని సమయంలో) ముగుస్తుంది. ఈ మూడూ ఒకే పరీక్షలో ఉండటం అంతకుముందు లేదు. సిద్ధాంతంలో దాని స్థానం అది. కానీ ఆ బహుపది ఘాతం పెద్దది. తర్వాత మెరుగుపరచిన రూపాల్లోనూ దాదాపు 6. లూకా-లేమర్ ఖర్చు అంకెల వర్గానికి కాస్త ఎక్కువ, అంతే. నాలుగు కోట్ల అంకెల దగ్గర ఈ తేడా విశ్వం వయసును దాటేస్తుంది. ప్రత్యేక రూపం లేని ప్రధాన సంఖ్యల్ని ఆచరణలో దీర్ఘవృత్త వక్రాల పద్ధతితో నిరూపిస్తారు. అది కూడా లక్ష అంకెల చుట్టుపక్కలే ఆయాసపడుతోంది.

ప్రశ్న: దీనివల్ల ఉపయోగం ఏమిటి? బ్యాంకు భద్రతకు వాడతారా? (గృహిణి, ఒంగోలు)

జవాబు: ఈ సంఖ్యను వాడరు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే 2,048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళానికి కావలసినవి మూడొందల పైచిలుకు అంకెల ప్రధాన సంఖ్యలు రెండు. అవి రహస్యంగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నవి కావాలి. ప్రపంచమంతా తెలిసిన సంఖ్యతో తాళం వేయలేం. చిన్న మెర్సెన్ సంఖ్యలు మాత్రం పనిలో ఉన్నాయి. భాగహారం లేకుండా శేషం వస్తుందన్న సుగుణం వల్ల 2⁵²¹ − 1ని ఒక ప్రామాణిక దీర్ఘవృత్త వక్రానికి పునాదిగా తీసుకున్నారు. పైథాన్‌లో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే యంత్రాంగం 2¹⁹⁹³⁷ − 1 అడుగుల తర్వాతే తిరిగి మొదటికొస్తుంది.

ప్రశ్న: ఇది 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య అని కొందరు, 52వదిగా తెలిసినది అని కొందరు రాస్తున్నారు. ఏది సరి? దీంతో పరిపూర్ణ సంఖ్య కూడా వస్తుందా? (పాఠకుడు, బళ్లారి)

జవాబు: రెండోదే సరి. వెతుకులాట వరసక్రమంలో సాగదు, మధ్యలో వదిలేసినవి తర్వాత దొరకొచ్చు. ఘాతాంకం 4,31,12,609 ఉన్నది 2008 ఆగస్టులో దొరికితే, దానికంటే చిన్నదైన 3,71,56,667 మరుసటి నెలలో, 4,26,43,801 ఆ పై ఏడాది దొరికాయి. అసలు ఇలాంటివి అనంతంగా ఉన్నాయా లేదా అన్నదే ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

పరిపూర్ణ సంఖ్య తప్పకుండా వస్తుంది. తనను తప్ప మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చే 6, 28, 496 లాంటిది. 2¹³⁶²⁷⁹⁸⁴⁰తో మన సంఖ్యను గుణిస్తే 8,20,48,640 అంకెల పరిపూర్ణ సంఖ్య. మొదటి జవాబులోని పద్ధతితోనే అది 3తో మొదలై 76తో ముగుస్తుందని చూసుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌తో నేనూ వెతకొచ్చా? బహుమతి ఉందటగా? (డిప్లొమా విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: వెతకొచ్చు. గింప్స్ వెబ్‌సైట్ నుంచి విండోస్‌కు ప్రైమ్95, లైనక్స్‌కు ఎంప్రైమ్ ఉచితంగా దింపుకోవచ్చు. పని అడిగే ముందు అందులోనే ఉన్న టార్చర్ టెస్ట్‌ను ఒక రోజంతా నడపండి. రౌండింగ్ తప్పులు గానీ, 'హార్డ్‌వేర్ వైఫల్యం' అన్న సందేశం గానీ వస్తే మెమరీ వేగాన్ని మామూలు స్థాయికి దించి, ఫ్యాన్ దుమ్ము దులిపి మళ్లీ చూడండి. ఓవర్‌క్లాక్ చేసిన (తయారీదారు పెట్టిన వేగం కంటే పెంచిన) యంత్రాలే ఎక్కువగా ఇక్కడ దొరికిపోతాయి. సరిగ్గా నడిస్తేనే పని తీసుకోండి. మొదట పాత ఫలితాల్ని సరిచూసే చిన్న పని తీసుకుంటే యంత్రం నమ్మకం తేలిపోతుంది.

కొత్త ఘాతాంకాన్ని పరీక్షించేటప్పుడు రుజువు ఫైలు (మీ లెక్కను మళ్లీ మొత్తం చేయకుండానే ఇతరులు సరిచూసుకునే ఫైలు) కోసం మధ్య శేషాలు దాచాలి. మన సంఖ్యంత దానికి ఒక్కో శేషం 17 మెగాబైట్లు. మామూలుగా 256 దాస్తారు కాబట్టి డిస్కులో నాలుగున్నర గిగాబైట్లు ఖాళీ ఉంచండి. చోటు లేకపోతే రుజువు చిన్నదై, సరిచూసేవారికి పని పెరుగుతుంది. ల్యాప్‌టాప్ వద్దని మా సలహా. రోజుల తరబడి పూర్తి వేడిలో నడిచే పని, అది వేగం తగ్గించేసుకుంటుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. డెస్క్‌టాప్ 100 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. మీ శ్లాబులో వాటి ధర ఎంతో ముందే చూసుకోండి.

గింప్స్ ఇచ్చేది 3,000 డాలర్లు. పది కోట్ల అంకెల ప్రధాన సంఖ్యకు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 1,50,000 డాలర్లు ప్రకటించింది. దానికి ఘాతాంకం 33 కోట్ల 22 లక్షలకు చేరాలి. ఒక్కో పరీక్షకు ఇప్పటి సంఖ్యకు పట్టినదానికి దాదాపు ఆరింతల సమయం పడుతుంది. కొత్తవాళ్లు నేరుగా దాని మీదికి వెళ్లి సగంలో ఆపేస్తుంటారు. మీరు 13, 14 కోట్ల ఘాతాంకాల దగ్గర మొదలుపెట్టండి.